ఈకలు, గాలాలు, ఒక సంత

అమెరికా పశ్చిమ తీరాన ఒరెగాన్ రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊరుంది. మార్చి నెల వచ్చిందంటే అక్కడి లిన్ కౌంటీ ఎక్స్‌పో సెంటర్‌లో రెండు రోజుల సంత జరుగుతుంది. హాలు పొడవునా బల్లలు వేసి ఉంటాయి. ప్రతి బల్ల అంచునా గాలాన్ని కదలకుండా పట్టుకునే చిన్న వైస్ ఒకటి బిగించి ఉంటుంది. దాని కొసన వేలిగోరు కంటే చిన్న గాలం. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకున్న మనిషి ఒకడు నెమలి ఈకలోంచి ఒక్క పోగు తీసి, గాలం కాడ చుట్టూ తిప్పి, దారంతో బిగిస్తాడు. తర్వాత కోడి ఈక ఒకటి అంచున పట్టి నాలుగు చుట్లు చుట్టేసరికి దాని పోగులన్నీ నిక్కబొడుచుకుని, ఇనప ముక్క కాస్తా రెక్కలు విప్పిన పురుగవుతుంది. ఎదురు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు దారం ఎంత లాగాలి, ఈక ఎటు వాలాలి అని అడుగుతుంటారు. అతను ఓపిగ్గా మళ్లీ విప్పి చుట్టి చూపిస్తాడు. ఇక్కడ దాచుకునే విద్య ఏదీ ఉండదు.

ఈ పురుగునే ‘ఫ్లై’ అంటారు. దాన్ని ఎరగా వేసి ట్రౌట్, సాల్మన్ లాంటి చేపల్ని పట్టడమే ఫ్లై ఫిషింగ్. వానపామునో పిండి ముద్దనో గుచ్చిన గాలమైతే తన బరువుతో తానే నీళ్లలోకి వెళ్తుంది. ఫ్లైకి దాదాపు బరువే ఉండదు. అందుకే ఈ పద్ధతిలో తాడే బరువుగా ఉంటుంది. దాన్ని వెనక్కీ ముందుకీ ఊపి, గాల్లో సాగదీసి, నీటి మీద మెత్తగా వాల్చాలి. విసరడం ఒక విద్య, కట్టడం ఇంకో విద్య. చలికాలం చివర్లో, వసంతం ఇంకా రాకముందు, ఈ రెండు విద్యలూ ఒకే కప్పు కిందికి చేరే చోటే ఇలాంటి ప్రాంతీయ ప్రదర్శనలు.

ఫ్లై ఫిషింగ్ చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా నదుల గురించి రాశారు, ఆ నదుల్లో దిగిన పెద్దమనుషుల గురించి రాశారు. నిజానికి ఈ వృత్తికి రూపం వచ్చింది సగానికి సగం ప్రదర్శనశాలల్లో. అందులోనూ ఆడవాళ్ల చేతుల మీదుగా. ఆ కథకు దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదు.

ప్రదర్శనలకు పెద్ద ఎత్తున తెర తీసింది లండన్. 1883లో దక్షిణ కెన్సింగ్టన్‌లో అంతర్జాతీయ మత్స్య ప్రదర్శన జరిగితే 26 లక్షలకు పైగా జనం చూశారు. వలలు, పడవలు, ఉప్పు చేపలు, గాలపు కర్రలు, అన్నీ ఒక్కచోటే. భారత విభాగాన్ని చూసుకున్న ఫ్రాన్సిస్ డే మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం రాసినవాడు. అప్పటికి పదేళ్ల ముందే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ మన నదుల్లో గాలం వేసే తీరు మీద ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకాన్ని మంగుళూరులో అచ్చు వేయించాడు. అంటే ఈ వ్యాపకం మద్రాసు ప్రెసిడెన్సీకి కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ అది దొరల సరదాగానే మిగిలింది. సంతగా, వృత్తిగా ఎదిగింది అమెరికాలో.

వెర్మాంట్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో చార్లెస్ ఆర్విస్ 1856లో గాలపు సామాను దుకాణం పెట్టాడు. కూతురు మేరీ పుట్టిందీ ఆ ఏడే. ఇరవై ఏళ్లకు, 1876లో, ఆమె దుకాణంలో ఫ్లైలు కట్టే విభాగాన్ని చేతిలోకి తీసుకుంది. ఊళ్లోని అమ్మాయిలను చేర్చుకుని పని నేర్పింది. అప్పట్లో ఈ వ్యాపారానికి పట్టిన పెద్ద చిక్కు పేర్లది. ఒకే ఫ్లైని ఒక ఊళ్లో ఒక పేరుతో, పక్క రాష్ట్రంలో ఇంకో పేరుతో పిలిచేవారు. ఒకే పేరుతో మూడు రకాలు అమ్మేవారు. ఉత్తరం రాసి డజను ఫ్లైలు తెప్పించుకున్నవాడికి తను అడిగింది కాక మరేదో వచ్చేది.

దీన్ని సరిచేయడానికి ఆర్విస్ దుకాణం దేశం నలుమూలలా ఉన్న జాలర్లకు ఉత్తరాలు రాసింది. మీరు వాడే ఫ్లై ఏది, ఏ నీళ్లలో, ఏ చేపకు అని. 38 రాష్ట్రాల నుంచి రెండు వందల మందికి పైగా జవాబులు రాశారు. ఆ ఉత్తరాలన్నిటినీ కూర్చి మేరీ 1892లో ‘ఫేవరెట్ ఫ్లైస్ అండ్ దెయిర్ హిస్టరీస్’ అనే పుస్తకం తెచ్చింది. 500కు పైగా పేజీలు, 32 రంగుల పలకలు. ఇక పేరు చెబితే బొమ్మ చూసుకోవచ్చు. బొమ్మ చూస్తే ఎవరు, ఎందుకు కట్టారో చదువుకోవచ్చు.

‘రాయల్ కోచ్‌మన్’ సంగతే చూడండి. 1878లో న్యూయార్క్‌లో జాన్ హేలీ అనే వృత్తిదారుడు ఒక ఖాతాదారు కోసం పాత కోచ్‌మన్ ఫ్లైలు కడుతున్నాడు. దాని ఒళ్లంతా నెమలి పోగే. చేప పళ్లు తగిలితే ఆ పోగు ఇట్టే తెగిపోతుంది. అందుకని నడుమ ఎర్ర పట్టుదారంతో ఒక పట్టీ చుట్టి బిగించాడు, తోకకు బాతు ఈకలు తగిలించాడు. మన్నిక కోసం వేసిన ఆ ఎర్ర పట్టీయే దాని అందమైంది. దానికి పేరు పెట్టింది ఆర్విస్ కుటుంబంలోని మనిషే. ఈ చిన్న ముచ్చట ఇవాళ్టికి మిగిలిందంటే మేరీ దాన్ని రాసిపెట్టబట్టే.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, 1893లో, షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అందులో చేపల కోసం కట్టిన భవనానికి రెండు పక్కలా రెండు మండపాలు: ఒకదాంట్లో అక్వేరియం, రెండోదాంట్లో గాలం వేట. ఆర్విస్ వాళ్లు అక్కడికి చట్రాలు కట్టిన పలకలు పంపారు. ఒక్కో పలకలో నదుల, సరస్సుల ఫొటోలు, వాటి పక్కనే అక్కడ పనికొచ్చే ఫ్లైలు. ఏ నీటికి ఏ ఫ్లై అన్నది చూసినవాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోయేది. నేటి ప్రదర్శనల్లో గైడ్లు తమ నది పటం పక్కన ఫ్లైల పెట్టె తెరిచి పెట్టుకుని కూర్చోవడం చూస్తే, ఆ పద్ధతి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. 1968లో మాంచెస్టర్‌లోనే ఫ్లై ఫిషింగ్ మ్యూజియం వెలిసింది. ఆ పలకలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి.

మేరీ వస్తువును ప్రదర్శిస్తే, మెయిన్ రాష్ట్రపు కార్నీలియా క్రాస్బీ ఏకంగా తన అడవినే ఊరేగించింది. 1854లో ఫిలిప్స్ అనే ఊళ్లో పుట్టిన ఆమె బ్యాంకులో పనిచేసేది. ఆరోగ్యం పాడైతే డాక్టర్లు ఆరుబయట తిరగమన్నారు. రేంజ్‌లీ సరస్సుల దగ్గర గైడ్లు ఆమెకు చేపలు పట్టడం నేర్పారు. 1886లో ఒక స్నేహితుడు సన్నటి వెదురు కర్ర బహుమతిగా ఇచ్చాడు. తన అనుభవాలు పత్రికకు రాసి పంపితే సంపాదకుడు ‘ఫ్లై రాడ్’ అనే కలం పేరుతో అచ్చేశాడు. ఆ పేరే ఆమెకు స్థిరపడిపోయింది.

1890ల మధ్యలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేటగాళ్ల ప్రదర్శనలు మొదలయ్యాయి. ఫ్లై రాడ్ అక్కడికి మెయిన్ నుంచి దుంగల గుడిసెను, తొట్లలో బతికున్న ట్రౌట్, సాల్మన్ చేపల్ని, గైడ్లను తీసుకెళ్లింది. తను ఆకుపచ్చ తోలు గౌను వేసుకుని నిలబడింది. నేలకు ఏడంగుళాల ఎత్తున ఆగిపోయిన ఆ గౌను న్యూయార్క్ పత్రికలకు చేపల కంటే పెద్ద వార్త అయింది. ఆమె అక్కడికి వెళ్లింది మాత్రం వ్యాపారం మీద. మెయిన్ సెంట్రల్ రైల్వే ఆమెను ప్రచారానికి పెట్టుకుంది. నగరంలో ఆ గుడిసె చూసినవాడు వేసవిలో రైలెక్కాలి, రేంజ్‌లీలో బస చేయాలి, గైడును కుదుర్చుకోవాలి. ఒక ప్రదర్శన ఒక ప్రాంతానికి బతుకుతెరువు తేగలదని ఇంత స్పష్టంగా అంతకు ముందు చూపినవాళ్లు అరుదు. గైడ్లకు లైసెన్సు ఉండాలనే చట్టం కోసం కూడా ఆమె పట్టుబట్టింది. 1897లో ఆ చట్టం వచ్చినప్పుడు మొదటి నంబరు లైసెన్సు ఆమెకే దక్కింది. 92 ఏళ్లు బతికింది.

తర్వాతి అర్ధ శతాబ్దంలో ఈ ప్రదర్శనలు పెద్ద వినోదాలయ్యాయి. హాలు మధ్యలో నీటి కొలను కట్టి, దాని మీద తాడు విసిరి చూపించేవారు. బాస్టన్ ప్రదర్శనలో బేస్‌బాల్ వీరుడు టెడ్ విలియమ్స్, ఒకప్పటి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ జాక్ షార్కీ జంటగా విసురుతుంటే జనం విరగబడేవారు. న్యూజెర్సీ అమ్మాయి జోన్ సాల్వటో విందు గౌనులో వచ్చి విసిరేది. అందరూ మగవాళ్లే ఉన్న దూరపు పోటీలో 1951లో గెలిచిందీ ఆమే. 1960లో 161 అడుగులు విసిరింది. పెళ్లయ్యాక జోన్ వుల్ఫ్‌గా విసురుడు నేర్పే బడి పెట్టి, చేతి కదలికల్లో ఒక్కో దశకూ పేరు పెట్టి పాఠంగా మలిచింది.

ఈ హాళ్లలో అమ్ముడయ్యే కర్రలకు మన దేశంతో పాత చుట్టరికం ఉంది. వెదురును ఆరు పేళ్లుగా చీల్చి, మూలలు కోసి, జిగురుతో అతికించి కర్ర చేసే పని 19వ శతాబ్దపు అమెరికాలో బాగా సాగింది. మెయిన్‌లో హైరమ్ లెనార్డ్ ఆ కోతకు యంత్రమే తయారు చేశాడు. తొలినాళ్లలో దీనికి వాడింది కలకత్తా రేవు నుంచి వెళ్లిన వెదురు. ఆ తర్వాత దక్షిణ చైనాలో పెరిగే టాంకిన్ వెదురు ఇంకా గట్టిదని తేలి, 20వ శతాబ్దం మొదట్లో కలకత్తా సరుకును పక్కకు నెట్టేసింది. కొరియా యుద్ధం రోజుల్లో, 1950 చివర్లో, అమెరికా చైనాతో వ్యాపారం నిషేధించింది. టాంకిన్ రావడం ఆగింది, ఫైబర్‌గ్లాస్ కర్రలు దుకాణాలకెక్కాయి. 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ కర్ర తెచ్చింది.

ఆ పెద్ద ప్రదర్శనల్లో తుపాకులు, పడవలు, గుడారాల మధ్య ఫ్లైకి ఒక మూల మాత్రమే మిగలడం కొందరికి నచ్చలేదు. 1965లో ఒరెగాన్‌లోనే, యూజీన్ పట్టణంలో, వేర్వేరు రాష్ట్రాల ఫ్లై క్లబ్బులు సమావేశమై ఒక సమాఖ్యను ఏర్పరచుకున్నాయి. ఇప్పటి దాని పేరు ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్. ఆల్బనీ సంతను నడిపేది ఆ సమాఖ్య ఒరెగాన్ శాఖే. అందుకే అక్కడ దుకాణాల కంటే కట్టేవాళ్ల బల్లలకే పెద్ద పీట. కట్టేవాళ్లు పూటపూటకూ మారుతుంటారు. పొద్దున బల్ల వెనక ఉన్నవాడు మధ్యాహ్నం ఎదురు కుర్చీలో కూర్చుని ఇంకొకరి పని చూస్తాడు. ఒక వృత్తి ఇంతకంటే ఆరోగ్యంగా ఎలా ఉంటుంది?

ఇక ఈకల సంగతి వేరు. 1924 జులై 1న మెయిన్‌లోని అప్పర్ డ్యామ్ దగ్గర క్యారీ స్టీవెన్స్ తాను కట్టిన ఫ్లైతో ఆరు పౌండ్ల పదమూడు ఔన్సుల ట్రౌట్‌ను పట్టి, ‘ఫీల్డ్ అండ్ స్ట్రీమ్’ పత్రిక పోటీలో రెండో బహుమతి గెలిచింది. ఆమె వైస్ వాడేది కాదు, వేళ్లతోనే పట్టుకుని కట్టేది. ఆమెకు పేరు తెచ్చిన ‘గ్రే ఘోస్ట్’ ఫ్లైలో చెంపలకు పెట్టేది మన అడవి కోడి మెడ ఈక. దక్షిణ భారత అడవుల్లో, శేషాచలం కొండల్లో తిరిగే ఆ బూడిద రంగు పుంజు మెడ మీద నిగనిగలాడే తెల్లటి, పసుపు మచ్చలుంటాయి. నీటిలో అవి చేప కన్నులా మెరుస్తాయి. ఇంగ్లండ్‌లో సాల్మన్ ఫ్లైలు కట్టేవాళ్లకూ అవే కావాలి. దశాబ్దాల పాటు ఆ మెడ తోళ్లు ఓడలెక్కాయి. 1960ల చివరికల్లా ఎగుమతి ఆగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో తలుపు పూర్తిగా మూసుకుంది. ఇప్పుడు ప్రదర్శనల్లో దొరికేవి విదేశాల్లో పెంచిన కోళ్లవి.

అరుదైన ఈక మీద మోహం ఎంతదాకా పోతుందో 2009లో బయటపడింది. లండన్‌లో వేణువు నేర్చుకుంటున్న ఒక అమెరికా విద్యార్థి, సాల్మన్ ఫ్లైలు కట్టడంలో దిట్ట, ఇంగ్లండ్‌లోనే ట్రింగ్ ఊళ్లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం కిటికీ పగలగొట్టి 299 పక్షి తోళ్లు ఎత్తుకెళ్లాడు. వాటిలో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవీ ఉన్నాయి. పోలీసులకు నెలల తరబడి ఆచూకీ దొరకలేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో జరిగిన ఫ్లై ప్రదర్శనలో ఒక బల్ల మీద ఉన్న తోలును చూసి, ఇది మ్యూజియం సరుకులా ఉందే అని ఒక సందర్శకుడికి అనుమానం వచ్చింది. ఆ తీగ లాగితే డొంక కదిలింది. దొంగ దొరికేనాటికి చెక్కుచెదరకుండా మిగిలినవి 174 తోళ్లే. మిగతావి ఈకలుగా విడిపోయి అమ్ముడయ్యాయి. ఏ పక్షి, ఎక్కడ, ఎప్పుడు అని రాసిన చీటీలు పోయిన తోళ్లు శాస్త్రానికి దాదాపు కొరగావు. ఆ నష్టం తీరేది కాదు.

అడవి పక్షుల జోలికి పోకుండా ఈ విద్యను బతికించింది కోళ్ల పెంపకందార్లు. న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్స్ కొండల్లో హ్యారీ డార్బీ, భార్య ఎల్సీతో కలిసి ఫ్లైలు కడుతూ, వాటికి కావలసిన నీలి బూడిద రంగు పుంజుల్ని తానే పెంచాడు. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల్లో డేగ, కాకి, నెమలి, పర్ల అని ఈక చూసి పుంజును ఎంచినట్టే, ఈ సంతల్లోనూ డన్, జింజర్, గ్రిజ్లీ, బాడ్జర్ అని రంగుల వారీగా తోళ్లు విడదీసి అమ్ముతారు. డార్బీ గుడ్లు 1950ల్లో మిన్నెసోటాకు చేరాయి, అక్కడి కోళ్ల సంతతి పెన్సిల్వేనియాకు వెళ్లింది. కొలరాడోలో టామ్ వైటింగ్ అనే కోళ్ల జన్యుశాస్త్రవేత్త 1989లో పేరుపొందిన మరో ఒరెగాన్ కోళ్ల సంతతిని కొని, పోగులు సమానంగా ఉండే పొడవాటి ఈకలు పండించాడు.

2011లో ఆ ఈకలకే అనుకోని గిరాకీ వచ్చిపడింది. జడలో పొడవాటి కోడి ఈకలు కట్టుకోవడం అమెరికా అమ్మాయిల్లో ఫ్యాషనైంది. క్షౌరశాలల వాళ్లు గాలపు దుకాణాల మీద పడి ఉన్నవన్నీ కొనేశారు. ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, ఫ్లైలు కట్టేవాళ్లకు సరుకు లేకుండా పోయింది. పుంజు అలాంటి ఈకకు రావాలంటే దాదాపు ఏడాది మేపాలి. ఆ వేసవిలో పొదిగించిన పిల్లలు ఈకకు వచ్చేసరికి ఆ మోజు చల్లారింది, తోళ్లు మళ్లీ వైస్‌లున్న బల్లల మీదికే చేరాయి.