నాచారం బుష్షూ, నలభైల నాటి విమానమూ

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మా బాబాయ్‌కి ఓ చిన్న లేత్ షాపు ఉండేది. ఉప్పల్ నుంచి ఆదివారాలు నేనూ వెళ్ళేవాణ్ణి. టెఫ్లాన్‌లో గ్రాఫైట్ కలిపిన నల్లటి కడ్డీల్ని కోసి బుష్షులు చేసేవాడు. "దీనికి నూనె అక్కర్లేదురా, తనకి తనే రాసుకుంటుంది" అని మురిసిపోయేవాడు.

ఓసారి ఓ పార్టీ సరుకంతా తిప్పి పంపింది. వారంలో అరిగిపోయాయట, కల్తీ చేశావన్నారు. డబ్బులివ్వలేదు. అదే కడ్డీతో చేసిన బుష్షు షాపులో నెలల తరబడి తిరుగుతూనే ఉంది. మన భాషలో చెప్పాలంటే, "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే!"

టెఫ్లాన్ 1938 ఏప్రిల్ 6న డూపాంట్‌లో రాయ్ ప్లంకెట్‌కి అనుకోకుండా దొరికింది. జారుడు ఎక్కువే గానీ, వట్టిగా వాడితే త్వరగా అరిగిపోతుంది. గ్రాఫైట్ లాంటివి కలిపితే ఆ అరుగుదల వందల రెట్లు తగ్గొచ్చు. ఎదుటి ఇనుము మీద పల్చటి పొర అంటుకుంటుంది, ఆపైన రాపిడంతా ఆ పొర మీదే.

మరి గ్రాఫైట్ ఎందుకు జారుతుంది? 1924లో బెర్నాల్ దాని పొరల అమరిక తేల్చాక, పేకముక్కల్లా జారతాయన్న వివరణతో అందరూ సరిపెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అసలు సంగతి బయటపడింది. నేల మీద ఎంతో కాలం మన్నే జనరేటర్ల కార్బన్ బ్రష్షులు, బాగా ఎత్తున ఎగిరే విమానాల్లో గంటల్లోనే పొడైపోయేవి. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఆర్.హెచ్. సావేజ్ గ్రాఫైట్‌ని శూన్యంలో రుద్ది చూశాడు. పొడి రాలింది. కాస్త నీటి ఆవిరి వదిలాడు. అరుగుదల ఆగింది! 1948లో ఇదంతా ప్రచురించాడు. అంటే ఆ జారుడు గ్రాఫైట్ ఒక్కదాని గొప్పే కాదు, గాలిలో తేమది కూడా. అంతరిక్ష యంత్రాల్లో మాలిబ్డినం డైసల్ఫైడ్ వాడేది అందుకే.

ఇది చదివాక బాబాయ్‌ని అడిగా, ఆ పార్టీ మెషీన్ ఎలాంటిదని. తేమ లేని నైట్రోజన్ నింపిన పెట్టెలో తిరిగేదట! కారణం అదే అయ్యుంటుందని నా అనుమానం. ఆర్డరు కాయితంలో కొలతలన్నీ ఉన్నాయి, గాలి సంగతే ఎవరూ రాయలేదు.

కాసేపు ఊరుకుని, "అయితే నేను దొంగని కాదన్నమాట" అన్నాడు బాబాయ్. ఇన్నేళ్ళూ ఆ మాట మోస్తున్నాడని నాకప్పుడే తెలిసింది.

ఈసారి ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే, రాసినవాణ్ణి తిట్టేముందు అక్కడి గాలి ఎలా ఉందో ఓసారి చూడండి.