బండికి పూచీ ఎవరిది?

సికింద్రాబాదులో జూబిలీ బస్‌స్టేషను నుండి తిరుమలగిరి వైపు పోవు రహదారిమీద కార్ఖానా అను పేట ఉన్నది. కార్ఖానా అనగా పనిశాల. మొగలు పాదుషాల కాలమున దర్బారుకు కావలసిన వస్త్రములు, ఆయుధములు, ఆభరణములు తయారగు చోటులకు ఆ పేరు. నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన దండు నగరమున ఒక పేటకు పనిశాల పేరు నిలుచుట వింత కాదు. సైన్యమువారి యంత్రవిద్యా కళాశాల నేటికిని ఆ సమీపముననే, తిరుమలగిరిలో ఉన్నది.

సైన్యపు పనిశాలలో ఒక సౌకర్యము కలదు. బండి సర్కారుది, బాగుచేయువాడును సర్కారు మనిషే. చెడిన భాగమునకు వెల ఎవరు పెట్టుకొనవలెనను తగవు అక్కడ పుట్టదు. చేసినవాడొకడు, అమ్మినవాడొకడు, కొన్నవాడొకడు, బాగుచేయువాడు మరియొకడు అయిన నాడే ఆ తగవు పుట్టినది.

కార్ఖానాలో మాకు మిత్రులైన ఒక కుటుంబమువారు కొంత తమ మిగులుతోను, కొంత బ్యాంకు అప్పుతోను కొత్త కారు కొన్నారు. ఎనిమిదవ నెలలో, బండి తొమ్మిదివేల కిలోమీటర్లయినను తిరుగకముందే, ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను మోత పెరుగుటయే గాని చక్రమునకు బలము చేరకుండెను. ఇంటి ఇల్లాలు ముందుగా వీధిచివరనున్న షెడ్డు మేస్త్రీకి చూపినది. అతడు బానెట్టుపై చేయి అయినను వేయలేదు. "క్లచ్ పోయినట్టుందమ్మా. కానీ నేను విప్పితే మీ వారంటీ పోయిందంటరు. ముందు వాళ్ళకే చూపియ్యుండ్రి" అన్నాడు. కంపెనీ సర్వీసు కేంద్రములో చెప్పిన మాట వేరు. క్లచ్ ప్లేటు అరుగుడు సరుకు, అది వారంటీలో లేదు, నడుపువారు కాలు పెడలుపై ఉంచుటవలన అరిగినది, కావున ఖర్చు మీదే, అన్నారు. ఈ సంభాషణ మన ఊళ్ళలో దినమునకు ఎన్నిమార్లు జరుగునో! దీని వెనుక చరిత్ర పొడవైనది.

ముందు మాటల సంగతి. మనకు పూచీ ఉన్నది, ఉర్దూనుండి వచ్చిన హామీ ఉన్నది. ఆంగ్లేయులకు గ్యారంటీ, వారంటీ అని రెండు. ఆ రెండును నిజమునకు ఒక్క మాటయే. ఫ్రాన్సులో రెండు ప్రాంతములవారు రెండు విధముల పలుకగా, రెండు ఉచ్చారణలును ఇంగ్లండుకు చేరినవి. న్యాయశాస్త్రము మాత్రము వారంటీకి ప్రత్యేకమైన అర్థమును కట్టినది. ఆ అర్థము కొనువారు తలచునంత గొప్పది కాదు.

దానికి ముందు మన పల్లెను ఒకమారు తలచుకొనవలెను. వడ్రంగికి రైతు ఏటేట కళ్ళములో ధాన్యము కొలిచెడివాడు. అందుకు ప్రతిగా నాగలి, కాడి మొదలగు పనిముట్లను వడ్రంగి ఏడాది పొడుగున బాగుచేయవలెను. కొత్త బండి చేయించిన మాత్రము సాధారణముగా కూలి వేరు. ఏది కొలుపులో చేరినది, ఏది చేరలేదు అను ప్రశ్న అక్కడను ఉండినది. అయితే చేసినవాడును, బాగుచేయువాడును ఒక్కడే. అతడు రేపును అదే ఊరిలో, అదే రైతు ఎదుట నిలువవలసినవాడు. పూచీ కాగితములో గాక ముఖములో ఉండెడిది.

మోటారుబండి వచ్చిన పిమ్మట ఆ ముఖము కనబడకుండ పోయినది. 1920ల చివరిభాగమున అమెరికా కంపెనీలు బొంబాయిలో కార్లను కూర్చి దేశమంతట అమ్మించినవి. 1930లో సరుకుల విక్రయ చట్టము వచ్చినది. హైదరాబాదు రాష్ట్రమునకు అది 1951 ఏప్రిల్ 1నుండి వర్తించినది. ఈ చట్టములో మూడు సంగతులు మన కథకు ముఖ్యము. కొనువాడు తన అవసరమును తెలిపి, అమ్మువాని నేర్పుపై ఆధారపడి కొన్నచో, సరుకు ఆ అవసరమునకు తగినదై ఉండవలెనని 16వ సెక్షను చెప్పును. 12వ సెక్షను షరతునకు, వారంటీకి భేదము చూపును: షరతు తప్పినచో సరుకును తిరుగగొట్టవచ్చును, వారంటీ తప్పినచో నష్టపరిహారము అడుగవచ్చునే గాని సరుకును తిరుగగొట్ట వీలులేదు. అనగా చట్టము దృష్టిలో వారంటీ చిన్న వాగ్దానము. ఇక 62వ సెక్షను: చట్టము ఊహించిన హక్కులను ఇరుపక్షములును స్పష్టమైన ఒప్పందముతో తీసివేసికొనవచ్చును. మేము చెప్పదలచిన కీలకము ఇచ్చటనే ఉన్నది. కంపెనీవారు చేతికిచ్చు వారంటీ కాగితము ఎంత ఇచ్చునో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ తీసికొనును. కొన్నవారు దానిని కానుకగా పెట్టెలో దాచుకొందురు. అది వ్రాసినవారికి అదొక కంచె.

ఈ కంచెను ముందుగా కదల్చినది అమెరికా న్యాయస్థానములే. న్యూయార్కు రాష్ట్రమున మాక్‌ఫర్సన్ అను రాతిపనివాడు డీలరువద్ద బ్యూయిక్ కారు కొన్నాడు. దాని చక్రపు ఆకులు నాసి కొయ్యవగుటచే విరిగి అతడు గాయపడినాడు. మాకు అతనికి లావాదేవీయే లేదు, అమ్మినది డీలరు, చక్రము చేసినది మరియొకరు, అని కంపెనీ వాదించినది. 1916లో న్యాయమూర్తి కార్డోజో ఆ వాదమును త్రోసిపుచ్చినాడు. పరీక్షింపక బజారుకు వదలిన తయారీదారు కొన్నవానికి నేరుగా బాధ్యుడన్నాడు. మన ఊళ్ళలో నేటికిని షోరూమువారు కంపెనీని, కంపెనీవారు షోరూమును చూపుట విన్నపుడెల్ల ఆ కొయ్య చక్రము మాకు జ్ఞాపకము వచ్చును.

రెండవ వ్యాజ్యము 1960లో న్యూజెర్సీ సుప్రీముకోర్టు తీర్చినది. 1955 మే నెలలో ఒక భర్త భార్యకు కానుకగా ప్లిమత్ కారు కొన్నాడు. పండ్రెండు దినములకే, 468 మైళ్ళవద్ద, స్టీరింగు తప్పి ఆమె నడుపుచున్న బండి గోడను గుద్దినది. కొనుగోలు పత్రము వెనుక సన్నని అక్షరములలో ఉన్నదేమన, తొంబది దినములు లేక నాలుగువేల మైళ్ళవరకు చెడిన భాగమును మార్తుము. అంతకు మించి ఏ బాధ్యతయు లేదు. పెద్ద కంపెనీలన్నియు ఇదే పత్రమును వాడుచుండగా, కొనువాడు బేరమాడుటకు తావెక్కడ అని కోర్టు ప్రశ్నించి, ఆ మినహాయింపు చెల్లదన్నది.

మన దేశమున ఆ దినములలో తగవు పెట్టుకొను స్థితియే లేదు. అంబాసిడరు, ఫియటు, స్టాండర్డు: కోరుకొనుటకు ఇవియే. పేరు నమోదు చేయించి ఏండ్లతరబడి కాచుకొని బండి తెచ్చుకొన్నవాడు దాని తలుపు కిర్రుమన్నదని కోర్టుకెక్కునా? అయినను అసంతృప్తి ప్రభుత్వము చెవిని పడినది. మోటారుకార్ల నాణ్యతను గూర్చి ఒక విచారణ సంఘము 1967లో నివేదిక ఇచ్చినది. 1983 డిసెంబరులో మారుతీ కారు రాకతో బజారు మారినది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చి, వకీలు లేకయే ఫిర్యాదు చెప్పుకొను ఫోరములు జిల్లాలలో ఏర్పడినవి.

ఆ ఫోరములనుండి పైకి పోయిన వ్యాజ్యములలో తీర్పులు ఒకే దారిని పోలేదు. 2004లో ప్రీమియర్ కంపెనీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, లోపమున్న కారును కొత్తదిగా అంటగట్టజూచుట సిగ్గుచేటని మందలించినది. 2006లో మారుతీ వ్యాజ్యమున అదే కోర్టు, వారంటీలో ఉన్నది చెడిన భాగమును బాగుచేయుట లేక మార్చుట మాత్రమే కనుక, దాని బలముతో బండినే మార్చుమని ఆదేశింపరాదన్నది. ఆ తగవును క్లచ్‌ను గూర్చినదే. మా మిత్రుడు ఈ తీర్పు విని నిరుత్సాహపడినాడు. మేమట్లు భావింపలేదు, భాగమునకైనను పూచీ ఉన్నదని ఆ తీర్పే చెప్పుచున్నది గదా!

మేస్త్రీ భయము సంగతి మిగిలినది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషను పదునాలుగు కార్ల కంపెనీలపై 2,544 కోట్లకు పైగా జరిమానా వేసినది. విడిభాగములను బయటి షెడ్లకు అందనీయక, బయట బాగుచేయించిన బండికి వారంటీ మొత్తము రద్దని బెదిరించుట పోటీకి విరుద్ధమన్నది. బయటి పనివాని తప్పువలన చెడినంతమేరకే వారంటీని నిరాకరింపవచ్చునని తేల్చినది. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. తీర్పు ఢిల్లీలో వెలువడినది గాని, వీధిచివరి షెడ్డుదాక ఇంకను సరిగా చేరలేదు; మన మేస్త్రీ చేయి వెనుకకు తీసికొనుటయే సాక్ష్యము. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చి, ఫిర్యాదుదారు తానున్న ఊరిలోనే దావా వేయు వీలు కల్పించినది.

అయినను ఫోరములో గెలుపు ఉపన్యాసముతో రాదు. లోపము తయారీలోనిదా, వాడుకలోనిదా అను చోట నిపుణుని మాటయు, కాగితమును నిలువవలెను. మా మిత్రునింట ఆ కాగితము ఉన్నది. పూర్వము రేడియో లైసెన్సు పుస్తకమును దాచిన రేకుపెట్టెలోనే ఆ ఇల్లాలు బండి జాబ్ కార్డులనన్నిటిని దాచినది. రెండవ నెల కార్డులో, ఐదవ నెల కార్డులో, "క్లచ్ గట్టిగా ఉన్నది, సర్దితిమి" అని సర్వీసు కేంద్రమువారే వ్రాసినారు. అరుగుదలకు ముందే లోపము చెప్పబడినదన్నమాట. ఆ రెండు కార్డుల నకళ్ళు జతచేసి ఉత్తరము వ్రాయగా, పది దినములకు పిలుపు వచ్చినది. ప్లేటు ఉచితము, కూలి మాత్రము మీదే అన్నారు. మా మిత్రుడు ఒప్పుకొన్నాడు. ఇల్లాలు మాత్రము కూలిడబ్బులకు రశీదు వ్రాయించుకొని, దానినికూడ ఆ పెట్టెలోనే పెట్టినది.