సారా దుకాణం నుంచి సహచర సమావేశం దాకా: పేర్లు లేని చరిత్ర

1. పరిచయం

విద్యార్థులారా! చరిత్రను మనం సాధారణంగా పేర్లతో, తేదీలతో చదువుతాం. ఈ భాగంలో మీరు చదవబోయేది పేరు బయటపెట్టకూడదని నియమం పెట్టుకున్న మనుషుల చరిత్ర. తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చొని ఒకరి అనుభవాన్ని మరొకరు వినే పద్ధతి ఎలా పుట్టింది? మన ప్రాంతంలో మద్యంపై సాగిన పోరాటానికీ దానికీ తేడా ఏమిటి?

చెల్పూర్‌లో ఉండి చదువుకుంటున్నవారికి ఇది దూరపు సంగతి కాదు. అక్కడ పొలాలున్నాయి, కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, దగ్గరలోనే భూపాలపల్లి బొగ్గు గనులున్నాయి. పని దిగాక సీసా పట్టిన మనిషి మీ ఇంట్లోనో, మీ వాడలోనో ఉండవచ్చు.

2. దుకాణం మీద పోరాటం

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం సాగింది. రాత్రి బడుల్లో వాచకం చదివిన మహిళలు తమ కష్టానికి మూలమేమిటో చర్చించుకున్నారు. దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. 1992 నాటికి ఉద్యమం ఇతర జిల్లాలకు వ్యాపించి, సారా వేలంపాటలను అడ్డుకునే స్థాయికి చేరింది. 1993 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధించారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. ఆదాయం తగ్గడం, దొంగ రవాణా, నాటుసారా వంటి కారణాలు చూపి 1997లో దానిని ఎత్తివేశారు. తెలంగాణ పల్లెల్లో గుడుంబా సమస్య ఆ తర్వాత కూడా చాలాకాలం కొనసాగింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఉద్యమం ప్రశ్నించింది అమ్మేవాణ్ణి, వేలం పెట్టిన ప్రభుత్వాన్ని. అది న్యాయమైన ప్రశ్నే. కానీ దుకాణానికి తాళం పడినంత మాత్రాన, తెల్లవారగానే చేతులు వణికే మనిషి అవస్థ తీరదు. ఆ మనిషిని గురించిన చరిత్ర మరోచోట మొదలైంది.

3. గదిలో పుట్టిన పద్ధతి

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు కలిసి మానాలని ప్రతిజ్ఞ చేసుకున్నారు. వాషింగ్టోనియన్లుగా పేరుపొందిన ఈ ఉద్యమం వేగంగా పెరిగింది. సొంత అనుభవం చెప్పుకోవడమే దాని బలం. అయితే బయటి వివాదాలలో చిక్కుకొని కొన్నేళ్లకే క్షీణించింది.

1935లో ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్ పట్టణానికి బిల్ విల్సన్ అనే వ్యాపారి వచ్చాడు. అప్పటికి తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వ్యాపారం దెబ్బతిని, మళ్లీ తాగాలనిపించినప్పుడు, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలనుకున్నాడు. అలా బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుణ్ణి కలిశాడు. ఆ వైద్యుడు చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఉపదేశం చేయలేని పనిని సాటి బాధితుని మాట చేయగలదన్నది వారు గ్రహించిన సత్యం. భారతదేశంలో ఈ సంఘం 1957లో మొదలైంది.

దీనిలో చేరడానికి రుసుము లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు. మద్యనిషేధం ఉండాలా వద్దా అన్నదానిపై సంఘం ఏ అభిప్రాయమూ చెప్పదు. దూబగుంట మహిళలు రాజకీయాన్ని నిలదీసి గెలిచారు. ఈ సంఘం రాజకీయానికి దూరంగా ఉండి నిలిచింది. రెండు మార్గాలకూ వాటి వాటి అవసరం ఉంది.

4. సమావేశాన్ని వెతుక్కోవడం

కొన్ని సమావేశాలకు కుటుంబసభ్యులూ, తెలుసుకోదలచినవారూ వెళ్లవచ్చు. మరికొన్ని తాగుడు మానదలచినవారికే పరిమితం. తాగేవారి కుటుంబాల కోసం 1951లో ఏర్పడిన ‘అల్-అనాన్’ వేరుగా ఉంది. మొదటిసారి వెళ్లినవారు మాట్లాడకుండా వింటూ కూర్చోవచ్చు. ఊళ్లో సమావేశం లేకపోతే వరంగల్, హైదరాబాద్ వైపు విచారించాలి. ఫోన్ ద్వారా జరిగేవీ ఉన్నాయి. మత్తు విముక్తి జాతీయ సహాయ సంఖ్య 14446కు, మానసిక ఆరోగ్య సహాయానికి 14416కు ఫోన్ చేయవచ్చు.

ఒక హెచ్చరిక: ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛ, మతిభ్రమ వంటి ప్రమాదాలు రావచ్చు. కనుక ముందు వైద్యుణ్ణి చూపించాలి. సమావేశం వైద్యానికి తోడు మాత్రమే, బదులు కాదు.

5. చరిత్రకారుని ఇబ్బంది

వేలంపాటకు ప్రభుత్వ ఉత్తర్వు ఉంటుంది, ధర్నాకు పత్రికా వార్త ఉంటుంది. గదిలో ఒక మనిషి ‘ఇవాళ తాగలేదు’ అని చెప్పిన మాటకు ఏ దస్తావేజూ ఉండదు. ఆ గోప్యత పోతే రేపు ఆ గదికి ఎవరూ రారు. ఆధారం కోసం మనిషిని బజారున పెట్టే హక్కు చరిత్ర విద్యార్థికి లేదు. మౌఖిక చరిత్రలో మొదటి పాఠం ఇదే.

6. అభ్యాసం

(అ) మీ ఊళ్లో పెద్ద వయసు మహిళలను కలిసి 1992-97 మధ్య ఏం జరిగిందో అడిగి, వారి అనుమతితో ఒక పుట రాయండి. తాగినవారి పేర్లు రాయకండి.

(ఆ) దుకాణం మూయించడానికీ, మనిషి కోలుకోవడానికీ గల తేడాను పది వాక్యాలలో వివరించండి.

రెండో ప్రశ్నకు జవాబు రాస్తుండగా మీ ఇంట్లో మనిషే గుర్తుకొస్తే, కలం పక్కన పెట్టి ముందు ఫోన్ చేయండి. జవాబు తర్వాత రాయవచ్చు.