వజ్రపు లోపాలతో క్వాంటమ్ నెట్‌వర్క్
వజ్ర స్ఫటికంలో ఒక కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటే ఏర్పడే లోపాన్ని ఎన్‌వీ కేంద్రం అంటారు. దాని ఎలక్ట్రాన్ స్పిన్ క్వాంటమ్ సమాచారాన్ని నిలుపుకుంటుంది. చుట్టూ ఉన్న కార్బన్-13 కేంద్రకాలు దాన్ని మరింతసేపు దాచగలవు. దూరంగా ఉన్న రెండు వజ్రాలు వెలువరించిన ఫోటాన్లను మధ్యలో కలిపి కొలిస్తే, ఆ స్పిన్‌ల మధ్య క్వాంటమ్ చిక్కుముడి పడుతుంది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రొనాల్డ్ హాన్సన్ బృందం 1.3 కి.మీ. ఎడంగా ఉన్న వజ్రాలను ఇలా ముడివేసి, చిక్కుముడి నిజమైనదేనా అని తేల్చే బెల్ అసమానతను ప్రధాన లొసుగులకు తావులేకుండా పరీక్షించింది. ఈ రంగంలో ఇంత అందమైన ప్రయోగం అరుదు.

అసలు చిక్కు కాంతితోనే. ఎన్‌వీ ఫోటాన్లలో సుమారు 3 శాతమే పనికొస్తాయి. వాటి 637 నానోమీటర్ల ఎర్రకాంతి ఫైబర్‌లో త్వరగా క్షీణిస్తుంది. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం అసాధ్యం కనుక, మామూలు ఆంప్లిఫయర్లు పనిచేయవు. అందుకే ఆ ఎర్రకాంతిని టెలికాం పరారుణ కాంతిగా మారుస్తారు. అలా 2024లో డెల్ఫ్ట్, హేగ్ నగరాలను 25 కి.మీ. ఫైబర్‌తో కలిపారు. అదే ఏడాది హార్వర్డ్‌లో మిఖాయిల్ లూకిన్ బృందం వజ్రంలోని సిలికాన్ లోపాలతో, బోస్టన్ ప్రాంతపు 35 కి.మీ. ఫైబర్ గుండా చిక్కుముడి సాధించింది. వందల కిలోమీటర్లకు చిక్కుముడిని అంచెలంచెలుగా పొడిగించే రిపీటర్లు తప్పనిసరి. ఆచరణకు పనికొచ్చే వేగమున్న రిపీటర్ ఇంకా తయారు కాలేదు.