వాడిన వంటనూనెతో ఉక్కు గట్టిపరచడం

వేపుళ్లకు వాడగా మిగిలిన నూనెలో ఎర్రగా కాలిన ఉక్కును ముంచి గట్టిపరచే పద్ధతి ఇది. ఇలా ముంచి చల్లార్చడాన్ని క్వెంచింగ్ అంటారు. అభిరుచి కొద్దీ ఇంటి దగ్గర కొలిమి పెట్టుకుని కత్తులు, ఉలులు చేసుకునేవారు దీన్ని వాడతారు. అమెరికాలో ఈ పనికి కనోలా నూనెకు ఆదరణ ఎక్కువ. శుద్ధిచేసిన వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కూడా దాదాపు అలాగే పనిచేస్తాయి. నూనె పాతదైనంత మాత్రాన ఉక్కు గుణం పెరగదు. ఖర్చు తగ్గడమే దీనివల్ల లాభం.

చరిత్ర

ఆయుధాలను కొవ్వు పదార్థాల్లో చల్లార్చడం భారతదేశంలో పాత సంగతే. ఆరో శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని ఖడ్గలక్షణ అధ్యాయంలో కత్తికి పట్టించే ద్రవాలుగా రక్తాన్ని, నేతిని, నీటిని పేర్కొని, ఒక్కోదానికి ఒక్కో ఫలితం చెప్పాడు. పరిశ్రమల్లో ఇప్పుడు ఖనిజ నూనెతో తయారైన ప్రత్యేక క్వెంచింగ్ నూనెలే ఎక్కువ.

ఉక్కులో జరిగే మార్పు

సుమారు 0.8 శాతం కార్బన్ ఉన్న ఉక్కును 800 డిగ్రీల సెల్సియస్ దాటించి కాస్తేపు ఉంచితే అందులోని కార్బన్ ఇనుములో కలిసిపోయి ఆస్టెనైట్ అనే నిర్మాణం ఏర్పడుతుంది. తీరిగ్గా చల్లారితే అది మెత్తని పెర్లైట్‌గా మారుతుంది. 540 డిగ్రీల పరిసరాల్లో ఈ మార్పు అతి వేగంగా జరుగుతుంది కాబట్టి ఆ మెట్టును త్వరగా దాటించాలి. అలా దాటిన ఉక్కు 200 డిగ్రీల చుట్టుపక్కల నుంచి గట్టిదైన మార్టెన్సైట్‌గా మారడం మొదలుపెడుతుంది.

నీరు ఈ పనిని నూనెకన్నా వేగంగా చేస్తుంది. అయితే మార్టెన్సైట్ ఏర్పడే దశలోనూ అదే వేగం కొనసాగడంతో సన్నని అలుగులు వంకరపోవడం, చిట్లడం జరుగుతుంది. పైగా కాలిన లోహం చుట్టూ ఆవిరిపొర కట్టి, అది తెగేదాకా వేడిని బయటికి రానివ్వదు. వంటనూనెల్లో ఈ ఆవిరిపొర దశ దాదాపు ఉండదు. అందుకే అవి తొలి క్షణాల్లోనే వేడిని లాగి, చివరి దశలో నెమ్మదిస్తాయి.

తగిన ఉక్కు

లారీల కమాను పట్టీల్లో సాధారణంగా 0.5 నుంచి 0.6 శాతం కార్బన్‌తో పాటు సిలికాన్, మాంగనీస్ లేదా క్రోమియం కలిసి ఉంటాయి. ఈ మిశ్రమ మూలకాలు పెర్లైట్ మార్పును ఆలస్యం చేయడంతో నూనె వేగం సరిపోతుంది. ఆకురాళ్ల ఉక్కులో కార్బన్ ఎక్కువైనా ఈ అదనపు మూలకాలు తక్కువ. దళసరి ముక్కైతే వంటనూనెలో పూర్తిగా గట్టిపడకపోవచ్చు. ఇళ్ల కట్టుబడికి వాడే ఇనుప కడ్డీల్లో కార్బన్ తక్కువ కాబట్టి నూనె క్వెంచింగ్‌తో పనికొచ్చే అంచు రాదు.

వాడిన నూనెలో మార్పులు

పదేపదే కాగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి, అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది. చిక్కని నూనె లోహం చుట్టూ చురుగ్గా కదలదు కాబట్టి చల్లార్చే వేగం తగ్గుతుంది. పొగ వచ్చే ఉష్ణోగ్రతతో పాటు మంట అంటుకునే ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది. తాజా వంటనూనెల ఆవిరి 300 డిగ్రీలు దాటాకే అంటుకుంటుంది. బాగా కాగిన నూనెకు అంత భద్రత ఉండదు. మిగిలిన ఉప్పు తుప్పుకు దారితీస్తుంది.

అన్నిటికన్నా చెరుపు చేసేది నీరు. అడుగున చేరిన కొద్దిపాటి తేమ కూడా కాలిన ఉక్కు తగలగానే ఆవిరై వెయ్యి రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, మండే నూనెను పైకి చిమ్ముతుంది. అలుగు మీద అక్కడక్కడ మెత్తటి మచ్చలు, పగుళ్లు రావడానికీ ఇది కారణం కావచ్చు. అందుకే నూనెను కొన్నాళ్లు కదపకుండా ఉంచి, పైతేటను మాత్రమే పలుచటి గుడ్డలో వడగట్టాలి. అడుగు మడ్డిని వదిలేయాలి. నల్లగా, జిగటగా మారిన నూనె ఈ పనికి పనికిరాదు.

విధానం

ఒక కిలో ఉక్కుకు 8 లీటర్ల నూనె అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ కొలతలో నూనె వేడి ప్రతి ముంపుకూ సుమారు 35 నుంచి 40 డిగ్రీలు పెరుగుతుంది. మొదలుపెట్టేముందు నూనెను 50 నుంచి 60 డిగ్రీలకు వెచ్చబెడితే పలుచబడి త్వరగా చల్లారుస్తుంది. పామాయిల్ చలికాలంలో పేరుకుపోతుంది కనుక దానికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ గుర్తు దాటాక మరికొంత కాల్చి, అలుగును మొన కిందికి ఉండేలా నిలువుగా ఒక్కసారిగా దించాలి. ముందుకూ వెనక్కూ కదపవచ్చు గాని పక్కలకు ఊపితే వంకరపోతుంది. చల్లారాక ఆకురాయి పట్టకుండా జారితే గట్టిపడినట్టే. ఆ స్థితిలో ఉక్కు గాజులా పెళుసు కాబట్టి ఆలస్యం చేయకుండా మళ్లీ మితంగా వేడిచేయాలి, దీన్నే టెంపరింగ్ అంటారు. కత్తులను సాధారణంగా 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు వేడిచేస్తారు. తుడిచిన లోహం మీద లేత గడ్డి రంగు తేలడం సరైన వేడికి ఆనవాలు.

ప్రమాదాలు

అలుగు సగం నూనెలో, సగం బయట ఉన్నప్పుడే మంట లేస్తుంది. ఆగకుండా పూర్తిగా ముంచాలి. పాత్ర ఉక్కుదే కావాలి, బోల్తాపడకుండా నిలబడాలి, బిగుతైన మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూతతో ఆర్పాలి. నీళ్లు పోస్తే మంట ఎగజిమ్ముతుంది. పట్టకారు పొడుగ్గా, బట్టలు నూలువై ఉండాలి. నూనె గుడ్డలను కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాడిన ఇంజన్ ఆయిల్ పొగలో ఆరోగ్యానికి చేటుచేసే పదార్థాలు ఉంటాయి. వంటనూనెను ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. అయినా వంటనూనె పొగ కూడా హానికరమే కనుక గాలి ఆడే చోటే పనిచేయాలి.

నిల్వ, పారవేత

కాగేకొద్దీ నూనెలో పెరిగే మొత్తం ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధనను భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే వాడిన నూనెను బయోడీజిల్ తయారీకి సేకరించే రూకో కార్యక్రమాన్ని ప్రారంభించింది. కొలిమిలో వాడిన నూనె మళ్లీ వంటింట్లోకి చేరకుండా డబ్బా మీద స్పష్టంగా రాసి, మూతపెట్టి, వెలుతురు తగలని చోట ఉంచాలి. కాలువలో పోస్తే గొట్టాలు పూడుకుంటాయి.