నిశ్శబ్దానికి రెండు అర్థాలు

మానిటరింగ్ డాష్‌బోర్డ్ మీద ఎర్రర్లు సున్నా అని కనిపిస్తే సంతోషపడాలా, అనుమానపడాలా? నిజంగానే ఎర్రర్లు లేవా, లేక లాగ్ పంపే ప్రాసెసే చచ్చిపోయిందా? ఆన్‌కాల్ డ్యూటీ చేసిన ప్రతివాళ్ళకీ ఈ ప్రశ్న తెలుసు. కారు ఇంజన్లు చేసేవాళ్ళకి కూడా సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. దాని వెనక వందేళ్ళ చరిత్ర ఉంది. అందులో కొంత భలే సరదాగా ఉంటుంది, కొంత చదివితే ఒళ్ళు మండుతుంది.

ముందు కాస్త నేపథ్యం (మెకానికల్ వాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు :)). పెట్రోల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా వరసగా పాకాలి. ఒక్కోసారి, మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తనే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ ఒత్తిడి అలలు గోడలకి కొట్టుకుని టకటకమని చప్పుడొస్తుంది. అదే నాకింగ్. గట్టిగా వస్తున్నా పట్టించుకోకపోతే పిస్టన్‌కి చిల్లు పడేదాకా వెళ్తుంది.

1912 క్యాడిలాక్ కారుకి సెల్ఫ్ స్టార్టర్ తయారుచేసిన చార్లెస్ కెటరింగ్‌కి ఈ చప్పుడు పెద్ద తలనొప్పి. 1916లో ఆయన దగ్గర చేరిన థామస్ మిడ్‌గ్లీకి ఈ పని అప్పగించాడు. ఇంధనానికి ఎర్రరంగు వేస్తే వేడి బాగా పీల్చుకుని ముందే ఆవిరవుతుంది, నాకింగ్ తగ్గుతుంది అని వాళ్ళ ఊహ. చేతికి అందిన అయోడిన్ కలిపితే నాకింగ్ నిజంగానే తగ్గింది! కానీ వేరే ఎర్రరంగులు కలిపితే ఏమీ జరగలేదు. అంటే ఊహ తప్పు, ఫలితం మాత్రం కరెక్టు. మన డీబగ్గింగ్‌లో ఇలాంటివి ఎన్ని చూడలేదు?

అక్కణ్ణించి ఏళ్ళ తరబడి ఒక్కొక్క పదార్థమే కలిపి చూసుకుంటూ పోయారు. 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. పెట్రోల్‌లో వెయ్యోవంతు కూడా అక్కర్లేదు, నాకింగ్ మాయం. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని వాళ్ళకి తెలుసు. కానీ పేటెంట్, లాభం, చవక.. అన్నీ సీసం వైపే ఉన్నాయి. 1923 ఫిబ్రవరిలో అమ్మకాలు మొదలయ్యాయి. "ఇథైల్" అని పేరు పెట్టారు. సీసం అన్న మాటే ఆ పేరులో లేదు, గమనించారా?

1924 అక్టోబర్లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో, ఆ ద్రవం తయారుచేసే కార్మికులు మతి చలించి పడిపోయారు. అయిదుగురు చనిపోయారు. మిడ్‌గ్లీ పత్రికలవాళ్ళని పిలిచి, అదే ద్రవంతో చేతులు కడుక్కుని, ఆవిరి పీల్చి చూపించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన సీసం విషం వల్ల ఆరోగ్యం పాడై సెలవు పెట్టి విశ్రాంతి తీసుకున్నాడు. ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

1925లో అమెరికా ప్రభుత్వం సమావేశం పెట్టింది. డాక్టర్ ఆలిస్ హామిల్టన్ లాంటివాళ్ళు వద్దని మొత్తుకున్నారు. కొన్ని నెలలు అమ్మకాలు ఆగాయి కూడా. కానీ 1926లో కమిటీ, నిషేధించడానికి తగిన ఆధారాలు కనిపించలేదని తేల్చింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. "హాని కనిపించలేదు" అన్నది "హాని లేదు" అయిపోయింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు సీసం మీద పరిశోధనకి డబ్బు పెట్టింది ఎక్కువగా సీసం కంపెనీలే. వాళ్ళ డాక్టరు రాబర్ట్ కెహో, మనిషి ఒంట్లో సీసం ఉండటం సహజమే అనేవాడు. అంటే కలుషితమైన రీడింగ్‌నే బేస్‌లైన్ అన్నమాట.

దీన్ని పట్టుకున్నది క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని లెక్కకట్టిన మనిషి. ఆ కొలతలకి ప్రతిచోటా సీసం అడ్డొస్తుంటే, అది ఎక్కణ్ణించి వస్తోందని వెతికాడు. సహజం అనుకుంటున్నది సహజం కాదని 1965లో రాశాడు. తర్వాత 1975 మోడల్ కార్లతో అమెరికాలో క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి, సీసం వాటిని పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోల్ తప్పలేదు. మన దగ్గర 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000లో దేశమంతా వచ్చింది. ఆఖరుగా 2021లో అల్జీరియా ఆపేసింది. లెక్కేసుకోండి, దాదాపు వందేళ్ళు!

మరి సీసం పోయాక నాకింగ్ సంగతేంటి? నోరు నొక్కడం మానేసి వినడం మొదలుపెట్టారు. నొక్కితే కరెంటు పుట్టించే స్ఫటికాల గురించి 1880లోనే క్యూరీ సోదరులు చెప్పారు. అలాంటి పీజో ముక్కని ఇంజన్ బ్లాక్‌కి బిగిస్తే అదే నాక్ సెన్సర్. సీసం పెట్రోల్ పుట్టింది జనరల్ మోటార్స్‌లో. 1978లో నాక్ సెన్సర్‌తో టర్బో బ్యూక్ తెచ్చిందీ అదే జనరల్ మోటార్స్! చప్పుడు వినపడగానే కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఈ సెన్సర్ వైరు తెగితే? కంప్యూటర్‌కి ఏమీ వినపడదు. "నాకింగ్ లేదు, హాయి" అనుకోవచ్చు కదా? అనుకోదు. నడిచే ఇంజన్లో నాకింగ్ లేకపోయినా ఏదో ఒక రొద ఉండాలి. ఆ రొద కూడా లేదంటే తను చెవిటిదైందని అర్థం చేసుకుంటుంది. పీ0325, పీ0327 లాంటి కోడ్ పెట్టి, నాకింగ్ ఉన్నా ఇంజన్ దెబ్బతినకుండా స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది. బండి లాగదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కానీ ఇంజన్ బతుకుతుంది.

అందుకే ఈ కోడ్ రాగానే సెన్సర్ మార్చెయ్యడం తెలివైన పని కాదు. కోడ్ చెప్పేది "వినపడట్లేదు" అని మాత్రమే, చెవి పోయిందని కాదు. కొన్ని ఇంజన్లలో అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది, విప్పడానికే సగం రోజు. ముందు కనెక్టర్లో తుప్పు, నీళ్ళు చూడాలి. ఎలుక కొరికిందేమో చూడాలి. మల్టీమీటర్‌తో సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా వైరు కలిసుందా, ఎక్కడైనా బాడీకి తగులుతోందా చూడాలి. సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి వైరు మీది షీల్డు తెగినా పక్క వైర్ల రొద దూరుతుంది. బోల్టు బిగువు కూడా ముఖ్యమే. చాలా రకాలకి 20 న్యూటన్ మీటర్లు. వదులైతే సరిగ్గా వినపడదు, మధ్యలో అదనపు వాషర్ పెట్టకూడదు. ఆఖరికి సెన్సర్ పక్కన చిన్న స్పానర్‌తో తట్టి, ఆసిలోస్కోప్‌లో అల కదులుతుందేమో చూడాలి. కదిలితే సెన్సర్ బతికే ఉంది.

1926లో అంతమంది పెద్దలు కూర్చుని చెయ్యలేని పనిని ఇప్పుడు కారులో ఓ చిన్న డబ్బా చేస్తోంది. ఏమీ వినపడకపోతే ముందు తన చెవిని అనుమానిస్తోంది, తేలేదాకా ప్రమాదం ఉందనే అనుకుంటోంది. ఆ కమిటీ కూడా "తేలేదాకా ఆపండి" అని ఉంటే ఎంతమంది పిల్లల రక్తంలో సీసం చేరేది కాదో!

రేపు మీ డాష్‌బోర్డ్ పచ్చగా, ప్రశాంతంగా కనిపిస్తే ఒక్కసారి స్పానర్‌తో తట్టి చూడండి. ఏమంటారు?