హాస్టల్ గదికి ఎంత సైజు టీవీ కావాలి? షాపుకు పోయే ముందు టేపుతో కొల్చుకోండి

ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా): మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్... సాగర్ రోడ్డు పట్టుకుని పోతుంటే ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలే. సీవీఆర్, శ్రీ ఇందు, గురునానక్ లాంటి కాలేజీల్లో చదివే దూరప్రాంతాల పిల్లలు హాస్టళ్లలోనో, ముగ్గురు నలుగురు కలిసి తీసుకున్న అద్దె గదుల్లోనో ఉంటారు. అడ్మిషన్ ఫీజు కట్టి, పరుపు, బకెట్ కొనిచ్చి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఫోన్ వస్తుంది: "అబ్బా, రూమ్‌లో ఒక టీవీ పెట్టుకుంటం."

అప్పుడు చాలామంది తల్లిదండ్రులు అడిగేది "ఎంతవుతుంది?" అని. ముందు అడగాల్సింది "మంచం నుంచి టీవీ ఎంత దూరంలో ఉంటుంది?" అని. సైజు తేల్చేది ఆ దూరమే. షాపులో ఆఫర్ బోర్డు కాదు.

ముందు వార్డెన్‌ను అడగండి

చాలా కాలేజీ హాస్టళ్లలో గదిలో సొంత టీవీ పెట్టనివ్వరు. కామన్ హాల్‌లో ఒకటి ఉంటుంది, అంతే. ప్రైవేటు హాస్టళ్లలో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. కొందరు ఒప్పుకుంటారు కానీ కరెంటుకు నెలకింత అని వేరుగా తీసుకుంటారు. గోడకు రంధ్రం వేస్తే అడ్వాన్స్‌లో కోసుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే డబ్బు కట్టకముందే మూడు ప్రశ్నలు అడిగి పెట్టుకోవాలి: టీవీ పెట్టొచ్చా? గోడకు బిగించొచ్చా? కరెంటుకు ఎంత? అమ్మాయిల హాస్టల్ అయితే నాలుగోది కూడా ఉంది: బిగించడానికి వచ్చే టెక్నీషియన్‌ను ఏ టైమ్‌లో లోపలికి రానిస్తారు?

సైజు అంటే ఏంటి?

32 ఇంచులు అంటే టీవీ వెడల్పు కాదు. తెర కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పైమూలకు ఐమూలగా కొలిచిన పొడవు. ఒక ఇంచు 2.54 సెంటీమీటర్లు. అందుకే డబ్బాల మీద 32 ఇంచులకు 80 సెం.మీ. అని, 43 ఇంచులకు 108 సెం.మీ. అని రాసి ఉంటుంది.

దూరం లెక్క

టీవీ, సినిమా ఇంజినీర్ల లెక్కల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. తెర సైజుకు 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే మెడ తిప్పకుండా తెర మొత్తం హాయిగా కనిపిస్తుంది. దీన్ని తిరగేస్తే సులువైన సూత్రం వస్తుంది. కళ్ల నుంచి తెర దాకా ఎన్ని అడుగులో కొలిచి, దాన్ని ఏడున్నరతో గుణించాలి. వచ్చిన సంఖ్యే ఇంచుల్లో మీ టీవీ సైజు. నాలుగు అడుగులైతే 30, ఐదైతే 37, ఆరైతే 45.

ఏ సైజుకు ఎంత జాగా, ఎంత దూరం అనేది సుమారుగా ఇలా ఉంటుంది:

- 24 ఇంచులు: తెర వెడల్పు 53 సెం.మీ., ఎత్తు 30 సెం.మీ. దూరం 3 అడుగుల 2 ఇంచులు.
- 32 ఇంచులు: వెడల్పు 71, ఎత్తు 40. దూరం 4 అడుగుల 3 ఇంచులు.
- 43 ఇంచులు: వెడల్పు 95, ఎత్తు 53. దూరం 5 అడుగుల 9 ఇంచులు.
- 55 ఇంచులు: వెడల్పు 122, ఎత్తు 68. దూరం 7 అడుగుల 4 ఇంచులు.

ఇది గీసిన గీత కాదు. ఒక అడుగు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. కానీ మూడు అడుగుల్లో కూర్చుని 43 ఇంచులు చూస్తే తల అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిలో రెండు మంచాలు, రెండు టేబుళ్లు, ఒక బీరువా పడ్డాక మిగిలేది మధ్యలో నడిచే దారే. అలాంటి గదిలో మంచం మీది మనిషికి, ఎదుటి టేబుల్ మీది తెరకు మధ్య నాలుగైదు అడుగులకు మించి రావడం కష్టం. అక్కడికి 32 చాలు. నలుగురు కలిసి తీసుకున్న పెద్ద గదిలో, ఆరడుగుల దూరం దొరికితేనే 43 గురించి ఆలోచించాలి. షోరూమ్ హాలు పెద్దగా ఉంటుంది కాబట్టి అక్కడ 43 కూడా చిన్నగానే కనిపిస్తుంది. ఆ చూపును నమ్మి కొనొద్దు.

కొనే ముందు పాత న్యూస్‌పేపర్‌ను టీవీ కొలతకు కత్తిరించి గోడకు అంటించి చూస్తే సందేహం అక్కడే తీరిపోతుంది.

టేబుల్ మీద ఆగుతుందా?

ఇప్పుడొచ్చే చాలా టీవీలకు మధ్యలో స్టాండు ఉండదు, రెండు చివర్ల రెండు కాళ్లు ఉంటాయి. రెండు అడుగుల టేబుల్ అంటే 61 సెం.మీ. మాత్రమే. 32 ఇంచుల టీవీ కాళ్ల మధ్య ఎడం ఎంతో షాపులో కొలిపించుకోవాలి. ఒక కాలు గాల్లో ఉంటే టీవీ కింద పడటానికి ఒక్క మోచెయ్యి తగిలితే చాలు. పగిలిన తెరకు వారంటీ వర్తించదు. ప్యానెల్ మార్చే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గర్లోనే ఉంటుంది.

చదువుకైతే మానిటర్ మేలు

ఫోన్లో చూసే లెక్చర్ వీడియోలు పెద్దగా చూడాలి, ల్యాప్‌టాప్ కలిపి కోడింగ్ చేసుకోవాలి అనేది పిల్లల ఉద్దేశమైతే టీవీ కంటే 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మంచిది. కారణం చుక్కల లెక్క. చవకగా దొరికే చాలా 32 ఇంచుల టీవీలు హెచ్‌డీ రెడీ రకం, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అయితే 1920, 1080. హెచ్‌డీ రెడీ తెరను ఆరడుగుల నుంచి చూస్తే తేడా తెలియదు. నాలుగు అడుగుల్లో కూర్చుంటే చిన్న అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి. 32 ఇంచుల్లోనూ ఫుల్ హెచ్‌డీ మోడళ్లు ఉన్నాయి, అడిగి తీసుకోవాలి. మానిటర్లలో చాలావాటికి స్పీకర్లు, యాప్‌లు ఉండవు. ఒకే గదిలో ఒకరికి పరీక్ష, ఇంకొకరికి మ్యాచ్ ఉన్నప్పుడు ఎలాగూ ఇయర్‌ఫోన్లే దిక్కు.

పన్ను తగ్గింది, గది పెరగలేదు

2019 జనవరి 1 నుంచి 32 ఇంచుల దాకా టీవీలకు జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీలకూ 18 శాతమే. పన్ను కాకుండా 20,000 రూపాయల ధర ఉన్న 43 ఇంచుల టీవీ ముందు 25,600 పడేది, ఇప్పుడు 23,600. అందుకే "ఇంకొంచెం పెట్టండి, 43 వస్తుంది" అనే మాట షాపుల్లో తేలిగ్గా చెప్పొచ్చు. ఆదా 2,000 నిజమే. కానీ 32తో సరిపోయే గదికి 43 కొంటే అది ఆదా కాదు, అదనపు ఖర్చు.

"నో కాస్ట్ ఈఎంఐ"లో వడ్డీ ఎక్కడుంది?

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ఇది తప్పక చూస్కోవాలి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ బ్యాంకులకు స్పష్టం చేసింది. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో తగ్గిస్తారు. ఉదాహరణకు 12,000 రూపాయల టీవీకి వడ్డీ 600 అయితే డిస్కౌంటూ 600. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 108 రూపాయలు మాత్రం కొన్నవాళ్ల జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరు. స్టేట్‌మెంట్‌లో "వడ్డీ" అనే మాట కనిపిస్తుంది. రెండు మూడు నెలలు ఆగి నగదుతో కొంటే ఈ తలనొప్పే ఉండదు.

నెలనెలా అయ్యేది

50 వాట్ల టీవీ రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు 6 యూనిట్లు. హాస్టల్ వాళ్లు కరెంటుకు ఎక్కువ అడిగితే ఈ లెక్క చూపించొచ్చు. ఎన్ని వాట్లో టీవీ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది.

అసలు ఖర్చు డేటాది. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకు 3 జీబీ దాకా పోతుందని నెట్‌ఫ్లిక్స్ చెప్తోంది. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే గంట కూడా నిలవకపోవచ్చు. హాస్టల్ వైఫై వీడియోను తట్టుకుంటుందో లేదో ముందే ల్యాప్‌టాప్‌లో చూసుకోవాలి.

బిల్లు, డబ్బా దాచండి

బిల్లు మీద సీరియల్ నంబర్, టీవీ వెనక బీఐఎస్ గుర్తు ఉన్నాయో లేదో చూడాలి. సీనియర్ల దగ్గర పాతది కొంటే పూర్తి తెల్ల తెర, పూర్తి నల్ల తెర పెట్టించి గీతలు, మచ్చలు ఉన్నాయేమో చూస్కోవాలి. డబ్బా, థర్మోకోల్ పారేయొద్దు. సెలవులకు గది ఖాళీ చేయమంటే అవే కావాలి. తీసుకెళ్లేటప్పుడు టీవీని పడుకోబెట్టకుండా నిలబెట్టాలి. కంపెనీ సర్వీసు ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

టీవీ నలుగురు కలిసి కొంటే ఎవరి వాటా ఎంత, చివరి ఏడాది అది ఎవరిది అనేది ఒక కాగితం మీద రాసుకోవాలి. నాలుగేళ్ల స్నేహం ఒక టీవీ దగ్గర చెడిపోకుండా ఉంటుంది.